పొయ్యి పక్కన బిళ్ళ

పొయ్యి కట్టేశాక దాని లోపలి ఫ్యాను ఇంకాసేపు తిరుగుతుంది. ఆ సన్నని రొద ఆగేదాకా నేను వంటగదిలోంచి కదలను. ఉడికిన అన్నం వాసన, కిటికీలోంచి వచ్చే తడిసిన టేకాకుల వాసన కలిసి గదంతా మత్తుగా ఉంటుంది. ఆ మత్తులోనే నా చెయ్యి గోడ మేకు మీదికి పోతుంది. అక్కడ వేలాడే పాత ఇత్తడి బిళ్ళను వేలితో తాకి, ఇంకా కాదులే అనుకుంటాను. ఆ బిళ్ళ కనకమ్మ పెద్దమ్మ ఇచ్చింది. నిజానికి అది ఆమెదీ కాదు.

టీచరుగా జూలూరుపాడు వచ్చినప్పుడు పెద్దమ్మ ఇంట్లో ఒక గది, చిన్న వంటగది కిరాయికి తీసుకున్నాను. మాది మధిర వైపు. నాకు ఏడేళ్ళప్పుడు మా అమ్మ కొంగుకు పొయ్యి మంట అంటుకుంది. అమ్మ బతికింది గాని, ఆ తర్వాత అగ్గిపుల్ల గీసిన చప్పుడు వింటే చాలు, బయటికి పరుగెత్తేదాన్ని. ముప్పై ఏళ్ళు దగ్గరపడుతున్నా ఒక పూట అన్నం వండుకోలేని మనిషిని, ఎంత సిగ్గుచేటు! ఎవరైనా వండిపెడితే తినడం, లేకపోతే అటుకులు నానబెట్టుకోవడం. మంట ఉండదన్నారని ఇండక్షన్ పొయ్యి కొన్నాను. దీని ముందు కూడా నిలబడలేకపోతే ఇక ఈ జన్మకు నాకు వంటిల్లు లేదని ఖాయం చేసుకున్నాను.

పెద్దమ్మ కుంకుమ భరిణతో వచ్చింది. "అవ్, అద్దాల పొయ్యి అయితేంది, పొయ్యి పొయ్యే గద!" అని నల్లటి అద్దం అంచున బొట్టు పెట్టింది. నేను ఇంటినుంచి తెచ్చుకున్న సత్తు గిన్నె పెట్టాను. పొయ్యి కీచుకీచుమని అరిచి ఊరుకుంది. "ఏందే, గీ మారాణి అప్పుడే అలిగింది?" అని నవ్వి, లోపలికి పోయి పాడైన రేడియోలోంచి తీసిన అయస్కాంతం పట్టుకొచ్చి ఆనించింది. సత్తుకు అది అంటుకోలేదు. ఆదివారం అంగడిలో ఆమె ఒక్కో గిన్నెనూ తిరగేసి, అడుగుకు అయస్కాంతం ఆనించి చూస్తుంటే గిన్నెలమ్మేవాడు, "పెద్దమ్మా, గిన్నెకు జొరమొచ్చిందా ఏంది, గట్ల చూస్తున్నవు?" అన్నాడు. "అంటుకుంటనే నాకు పనికొస్తది. అడుగు సాపుగుండాలె, పొయ్యి మీది గుండ్రం గీతంత వెడల్పుండాలె. నువ్వు నోరు మూసుకోని సూపియ్యి" అంది. అడుగు బండలా సాపుగా ఉన్న స్టీలు గిన్నె ఒకటి దొరికింది.

ఆ గిన్నెలో నా మొదటి అన్నం ఉడికింది. గిన్నె దించాక చూస్తే అద్దం నల్లగా, నిశ్శబ్దంగా ఉంది. నాకెంత సంతోషమో! "చూడండి పెద్దమ్మా, మంటే లేదు" అంటూ ఆవును నిమిరినట్టు దాని మీద అరచెయ్యి వేశాను. చుర్రుమంది. భయంతో నాకు అమ్మ అలవాటే గుర్తొచ్చింది. అమ్మ వంటయ్యాక కట్టెల మీద నీళ్ళు చిలకరించి చల్లార్చేది. నేనూ చెంబు అందుకున్నాను. పెద్దమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "పిచ్చిదానా! కరెంటు మీద నీళ్ళు సల్లుతవా? అద్దం పగుల్తది!" అని నన్ను కుళాయి కిందికి లాక్కుపోయింది. నేను ఏడుస్తూ, ఇది నా వల్ల కాదు, ఎవరికైనా ఇచ్చేస్తానన్నాను. నీళ్ళ కింద నా చెయ్యి వదలకుండానే ఆమె అంది, "మంట కనబడకపోతే వేడి లేనట్టేనా బిడ్డా? బాయిల బొగ్గు గూడ గిట్లనే లోపల్లోపల కాలుతది. పైకి నల్లగ, ఏం ఎరగనట్టు ఉంటది."

ఇక్కడ బాయి అంటే బొగ్గు గని. పెద్దమ్మ భర్త కొత్తగూడెం వైపు ఒక బాయిలో పనిచేస్తూ అందులోనే పోయాడు. ఆయన ఉద్యోగానికి బదులు ఆమెకు దీపాల గదిలో, బాయిలోకి దిగేవాళ్ళకు దీపాలిచ్చే చోట, పని ఇచ్చారు. నా చెయ్యి కాలిన మర్నాడు పొద్దున్నే ఆమె పొయ్యి పక్కన గోడకు మేకు కొట్టి, నంబరు అరిగిపోయిన ఈ బిళ్ళను నా చేతిలో పెట్టింది.

"దిగేటోడు బిళ్ళ ఇచ్చి దీపం తీస్కుంటడు. ఎక్కొచ్చినంక దీపం ఇచ్చి బిళ్ళ తీస్కపోతడు. కొక్కానికి బిళ్ళ ఉన్నదంటే మనిషి ఇంక కిందనే ఉన్నట్టు. నువ్వు పొయ్యి పెట్టంగనే ఇది తగిలియ్యి, సల్లారినంకనే తియ్యి. బిళ్ళ ఉన్నంతసేపు అద్దం జోలికి పోకు."

"ఇది ఎవరిది పెద్దమ్మా?"

"మీ పెదనాయనది. ఆ పొద్దు షిఫ్టుకు ఇచ్చి దిగిండు. మల్ల తీస్కోలే." మేకును ఓసారి లాగి చూసి, "డబ్బాల పడుంటే ఏం ఫాయిదా? పని చెయ్యనీ" అంది.

ఆ వానాకాలం నాకిప్పటికీ కలలా ఉంటుంది. బయట జల్లు, లోపల ఆమె ముక్కాలి పీట మీద కూర్చుని మెల్లగా చెప్పే మాటలు. "పప్పు ముందుగాల నానబెట్టు. మూత పెట్టు, ఆవిరి ఎవరికి పంచుతున్నవు? పొంగేదాక పెద్దగ, పొంగినంక చిన్నగ. ఇంత కరెంటు లాగే పొయ్యిని బారు వైరు బోర్డుకు పెట్టకు, గోడ ప్లగ్గుకే పెట్టు. గరిటె అద్దం మీద పెట్టకు. ఫ్యాను ఆగినంకనే ప్లగ్గు తియ్యి." అద్దం చల్లారాక బిళ్ళ తనే దించేది. దించుతూ ఎవరికో చెప్పినట్టు "ఎక్కొచ్చిండు" అనేది. రోజూ అదే మాట. ఒకనాడు పప్పులో తాలింపు వేస్తూ నేను కూనిరాగం తీస్తున్నానని నాకే తెలిసి ఆశ్చర్యపోయాను. భయం ఎప్పుడు వెళ్ళిపోయిందో ఏమో, చెప్పకుండానే పోయింది.

తర్వాతి ఏడు ఖమ్మం దవాఖానాలో ఆమె గుండెకు పేస్‌మేకరు మిషను పెట్టారు. పొయ్యిలోని అయస్కాంతశక్తి ఆ మిషనుకు పడదు, అది నడుస్తుంటే రెండడుగులు ఎడంగా ఉండమని డాక్టరు చెప్పాడు. నాకు ధైర్యం చాలక, రెండడుగులకు ఇంకొంత కలిపి నేల మీద ముగ్గుపిండితో గీత గీశాను. ఆమె పకపకా నవ్వింది. "పర్ణశాల ఎన్నోమార్లు చూసొచ్చినదాన్ని! గీత దాటొద్దని నాకు చెప్తున్నవా?" అంది. పొయ్యి నడుస్తున్నంతసేపు ఎన్నడూ దాటలేదు. గీత అవతల నుంచే "బిళ్ళ తగిలిచ్చినవా?" అని అరిచేది.

ఒక పొద్దున ఆమె కోసం జావ పెట్టాను. మేకుకు బిళ్ళ తగిలించి, వసారాలో కుర్చీలో ఉన్న పెద్దమ్మను పిలిచాను. పలకలేదు. మళ్ళీ పిలిచాను. ఆ కంగారులోనూ పొయ్యి కట్టేసే పరుగెత్తాను. అప్పటికే అయిపోయింది.

మూడోనాడు వంటగదిలోకి వెళ్తే బిళ్ళ ఇంకా మేకుకే ఉంది. అద్దం ఎప్పుడో చల్లారింది. దించబోయి ఆగిపోయాను. చేతులు రాలేదు. ఇది దించితే ఆమె నిజంగా లేనట్టే అనిపించి, అక్కడే నిలబడి బోరున ఏడ్చాను. ఏడ్చి ఏడ్చి, కళ్ళు తుడుచుకుని బియ్యం కడిగాను. గిన్నె పెట్టి, మూత పెట్టాను. పొంగేదాకా పెద్దగా, పొంగాక చిన్నగా. అన్నం దించి, ఫ్యాను ఆగి, అద్దం చల్లబడేదాకా గీత అవతల ఆమె పీట మీదే కూర్చున్నాను. అప్పుడు లేచి బిళ్ళ దించాను.

నా నోటికి ఆమె యాసే వచ్చింది. "ఎక్కొచ్చిండు పెద్దమ్మా" అన్నాను. ఇవాళా అన్నాను.