బస్సెక్కిన పాటగాడు

ఐర్లండ్‌లో, కార్క్ నగరం పక్కనున్న బాలింకాలిగ్‌లో మా వంటింటి అలమర తలుపు తీస్తే (ఇక్కడ దాన్ని ప్రెస్ అంటారు) ఎండుకొబ్బరి, యాలకుల వాసన ముందు పలకరిస్తుంది. మొన్న క్రిస్మస్ కజ్జికాయల డబ్బా కోసం చెయ్యి పెడితే దాని వెనకనుంచి నూనె మరకలతో ఒక డీవీడీ బయటపడింది. అట్ట మీద గిటారు, టోపీ, టోపీ కింద ఊరూరా తిరిగి పాడుకునే కంట్రీ పాటగాడు, అతని వంకే చూస్తూ కళ్లనిండా నీళ్లతో ఒక అమ్మాయి.

నాకు ఎనిమిదేళ్లప్పుడు చలికాలం శనివారాల్లో మేం చూసిన సినిమా అదొక్కటే. బయట వాన, గదిని వెచ్చబెట్టే రేడియేటర్ మీద ఆరుతున్న నా స్కూలు కోటు వాసన, ఒళ్లో పళ్లెం నిండా మిరపకాయ బజ్జీలు. ముద్దు సీను రాగానే అమ్మ రిమోట్ నొక్కి ముందుకు పరిగెత్తించేది. అందుకే చాలాకాలం అది గిటారు శ్రుతి చేసుకోవడం గురించిన సినిమా అనుకున్నాను. చివర్లో అతను బస్సెక్కేవాడు, ఆ అమ్మాయి వానలో నిలబడేది, సరిగ్గా అప్పుడే అమ్మను హాస్పిటల్ డ్యూటీకి తీసుకెళ్లే మేరీ ఆంటీ కారు హారన్ మోగేది. ఆంటీ పెద్దమ్మాయి నాకు కాపలాగా దిగేది. మిగతాది రేపు చూద్దామంటే అమ్మ ఒప్పుకునేది కాదు. మొదటినుంచీ చూడకపోతే సినిమా చూసినట్టే కాదని ఆమె సిద్ధాంతం.

నాన్న అప్పుడు డబ్లిన్‌లో నర్సు. అక్కడే బోమాంట్ అనే పేటలో గది తీసుకుని ఉండేవాడు, రెండు వారాలకోసారి బస్సులో వచ్చి బస్సులోనే వెళ్లిపోయేవాడు. గిటారు లేదు, పచ్చడి సీసాలున్న సంచి ఉండేది. కాబట్టి బస్సెక్కిన మగవాళ్ల సంగతి అమ్మకు కాస్త ఎక్కువే పట్టేది.

ఒకసారి నాన్న ఈ వారం రావడం కుదరదని ఫోన్ చేశాడు. ఆ మర్నాడు, శనివారం, ఒక కాలికే బూటు వేసుకుని అమ్మ గుమ్మంలో ఆగిపోయింది.

"నువ్వు ఆఖరిదాకా చూస్తావుగా. వాడు తిరిగొచ్చాడా లేదా, చెప్పవే!"

రాలేదు. బస్సు వెళ్లిపోతుంది, పేర్లు పడతాయి. కానీ రెండో బూటు ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"హీ కేమ్ బ్యాక్, మమ్మీ. దే గాట్ మ్యారీడ్."

"చర్చిలోనేనా?"

"యా. బిర్యానీ అండ్ ఆల్."

అమ్మ రెండో బూటు తొడుక్కుంది.

ఇప్పుడు నాన్న ఉద్యోగం కార్క్‌లోనే. మేరీ ఆంటీ ఆ కారు అమ్మేసింది, డీవీడీ పెట్టడానికి ఇంట్లో యంత్రం లేదు, రేడియేటర్ మీద పట్టేంత చిన్న కోటూ లేదు. అట్ట చూడగానే అమ్మ, కజ్జికాయ అంచులు మడుస్తూనే, నాన్నకు కథంతా చెప్పింది: తిరిగొచ్చాడు, చర్చిలో పెళ్లి, బిర్యానీ. తర్వాత ఇద్దరు పిల్లలు కూడా పుట్టారట.

"వాళ్ల పెళ్లిలో బిర్యానీ ఏంటే?" అన్నాడు నాన్న.

"మీరు చూశారా? అది చూసింది."

డీవీడీని మళ్లీ డబ్బా వెనక్కి తోసేశాను. అసలు ముగింపు తెలిసినదాన్ని ఈ ఇంట్లో నేనొక్కదాన్నే. నాకూ అదిప్పుడు అంత బాగా గుర్తులేదు.