జేబుల వక్క పలుకు

ఆ రోజుల్ల నా కోపం ముక్కు మీదుండేది. ఇప్పుడు తగ్గిందంటె మా ఇంటామె నవ్వుతది గని, జర తగ్గింది. అయినా కాగజ్‌నగర్ల నాకు కిరాయి ఇల్లు చూపెట్టిన దలాల్‌ను తల్చుకుంటె ఇప్పటికీ ఒళ్లు మండుతది. అందరు అతన్ని భావు అనేటోళ్లు (మరాఠీల అన్న అన్నట్టు). నాకైతె ఏ కోశాన అన్న లెక్క కనవడలే.

అప్పుడే కాగితం మిల్లుల గుమస్తా నౌకరి దొరికింది. పెండ్లయింది గని మా మామ బిడ్డెను కాపురానికి తోలలే. "ముందుగాల ఇల్లు చూస్కో అల్లుడా. నలుగురు మొగోళ్లుండే అర్రల నా బిడ్డెనెట్ల ఉంచుత?" అన్నడు. ఆ మాటల తప్పేం లేదు. అందుకే భావు ఎంట పడ్డ.

మాది హుజూరాబాద్. మా దిక్కు ఇల్లు కిరాయికి తీసుకునుడంటె ఒక పూట కొట్లాట. ఇల్లెంత నచ్చితె అంత తిట్టాలె. దలాల్ మనల తిడ్తడు. మనం అలిగి లేస్తం, అతను గల్మ (గడప) కాడికి ఉరికొచ్చి చెయ్యి పట్టి లోపలికి గుంజుకపోతడు. మళ్ల లేస్తం, మళ్ల గుంజుతడు. అట్లయితెనే బేరం తెగుతది. తెగకముందు దలాల్ ఇచ్చిన పాన్ గని వక్క గని నోట్లె ఏస్కుంటె మెత్తవడ్డమని అలుసైతం. ఇదంత మా బాపు నేర్పిన విద్య.

భావు చూపెట్టిన ఇల్లు బంగారమసొంటిది. రెండర్రలు, ఎన్క చేదబాయి, ఇంటి ఆసామి ఒక ముసలవ్వ. కడుపుల సంబురం పొంగుతుంటె నోటితోని తిట్టుడు మొదలు పెట్టిన. "గిదేం ఇల్లయ్యా? గోడలా గియ్యి? బర్రెను కట్టేస్తె అది గూడ తలుగు తెంపుకొని పోతది." అవ్వ మొఖం చిన్నగైంది. భావు నన్ను తిరిగి తిట్టలే. అడకత్తెరతోని వక్క కత్తిరిచ్చి ఒక పలుకు నా చేతుల పెట్టిండు. నేను జేబుల ఏస్కొని లేచిన. గల్మ దాటిన, పిలువలే. జర నిమ్మళంగ నడిచిన. చెప్పుల రాయి పడ్డట్టు వంగి దులుపుకున్న (రాయేం లేదు). మలుపు కాడ తిరిగి చూస్తె భావు అరుగు మీద కూసోని నా దిక్కే చూస్తుండు, చెయ్యన్న ఊపలే. గంత బలుపా నీకు అనుకున్న. వారం దినాలు పండ్లు కొరుక్కుంట తిరిగిన గని ఆ గల్లి మొఖం చూడలే. పిలిచేటోడు అతనాయె, నేను పోవుడేంది?

ఇల్లు కుదిరినట్టేనని మామకు ముందే కబురు పంపిన (మా దిక్కు లెక్కల కుదిరినట్టే గద). మామ రైలు దిగిండు, ఎన్క పెట్టె పట్టుకొని మా ఇంటామె. "ఇల్లేది అల్లుడా?" అన్నడు. బేరం ఇంక తెగలేదని చెప్పిన. "అయితె మాపటి రైలుకు నా బిడ్డెను తోల్కపోత" అని పెట్టె అందుకున్నడు.

గప్పుడే స్టేషన్ల చాయ్ తాగుకుంట భావు కనవడ్డడు. ఇగ ఆగలే. "ఏమయ్యా, మనిషి లేచి పోతుంటె పిలువవా? నీ అసొంటి దలాల్ మా దిక్కుంటె ఊర్ల ఉండనియ్యరు. నీ వల్ల నా కాపురం చెడుతుంది" అని మీదవడ్డ.

భావు చాయ్ కింద పెట్టిండు. "ఈడ ఇల్లు వద్దంటె సుపారీ వాపస్ ఇస్తరు, కావాలంటె నములుతరు. నువ్వు జేబుల ఏస్కున్నవు. ఇంటోళ్లను అడిగి చెప్తవేమొ అనుకున్న. ఇంకొకలొచ్చి అడిగినా ఇయ్యలే."

"మరి నేను అన్ని తిడితి గద?"

"తిడితివి. అవ్వ పరేషానై గోడలకు సున్నం ఏపిచ్చింది."

మా ఇంటామె వచ్చి నా జేబుల చెయ్యి పెట్టింది (అదే అంగి, మా అర్రల ఉతుకుడు ఎవలకు యాదికుంటది). పలుకు తీసి, అంటిన దుమ్ము ఊది, నోట్లె ఏస్కొని నమిలింది. "ఝాలా" అన్నడు భావు, అయిపోయిందని. తాళంచెవి ఆమె చేతుల పెట్టిండు. మామ మా దిక్కు అలవాటు కొద్ది "ఇంతకు అదేం ఇల్లు" అని అందుకోబోతె, "నువ్వూకో బాపూ" అన్నది.

ఎన్నేండ్లాయెనొ. ఇప్పటికి నేను దేనికన్న ఒంటికాలు మీద లేస్తె ఆమె వక్క కత్తిరిచ్చి ఒక పలుకు నా ముందట పెట్టి తన పనిల తను పడ్తది. నేను అలిగి గల్మ దాటి మలుపు దాక పోత. పిలుస్తదేమొనని చెప్పులు దులుపుకుంట. పిలువది. ఇంక ఒళ్లు మండుతది. తిరిగొచ్చి, పలుకు నోట్లె ఏస్కొని నములుత.