ఆరు తర్వాత ఆరున్నర

మా బాబాయికి ఆరు తర్వాత ఏడు రాదు. మిగతా అన్నింట్లో బంగారం. మా వీధిలో సగం చొక్కాలు ఆయన కుట్టినవే. కానీ ఎవరైనా దండీలు తీస్తూ ఆయన్ని లెక్కపెట్టమన్నారో, అంతే సంగతులు.

దండీలంటే పిచ్చి ఆయనకి. కొలతలకొచ్చిన వాళ్లనీ వదలడు. "భుజాల్లో పస లేదు సార్, ఎంత బాగా కుట్టినా చొక్కా హ్యాంగరుకి వేలాడినట్టే ఉంటుంది. గోడ పట్టుకుని ఓ పది తొయ్యండి" అంటాడు. కోటు కోసమొచ్చిన ఒకాయన ఆరు దగ్గర ఎంతసేపు ఇరుక్కున్నాడంటే, ఛాతీ మళ్లీ కొలవాల్సి వచ్చింది.

నేను ఆస్పత్రి లాండ్రీలో తడిబట్టల బండి తోస్తాను. మెట్ల మీద జారి భుజం విరగ్గొట్టుకున్నాను. కట్టు విప్పాక డాక్టరు, గోడకి చేతులానించి తొయ్యమన్నాడు, మెల్లమెల్లగా పెంచమని కాగితం మీద రాసిచ్చాడు. ఆ కాగితం కాస్తా బాబాయి చేతిలో పడింది. మా సూపర్వైజరమ్మ ఏమో, "రెండు నెలలు ఆగుతా. నిండు బండి వాలు ఎక్కిస్తే నీ పని నీదే. లేదంటే ఇంకొకర్ని చూసుకుంటా" అనేసింది.

ఇక రోజూ పొద్దున్నే కొట్లో గోడ ముందు నేను, పక్కనే గుండీలు ఏరుకుంటూ బాబాయి.

"ఐదు... ఆరు..." డబ్బాలో టక్కుమని ఓ గుండీ. "ఆరు..."

"ఆరు అయిపోయింది బాబాయ్!"

"మోచెయ్యి సరిగ్గా వంగలేదమ్మాయ్. ఇది ఆరున్నర."

"అరమీటరు కొలవడానికి నేనేమన్నా గుడ్డముక్కనా?"

"ఇదిగో, మాటల్లో పెట్టి మరిపించావు. మళ్లీ మూడు నుంచి!"

తిట్టుకుంటూ తోసేదాన్ని. ఆ తిట్ల హడావిడిలో నొప్పి సంగతి గుర్తుండేది కాదు. బాబాయి చెప్పింది పది; ఆయన లెక్కతో మహా అయితే పదిహేను అవుతాయేమో అనుకునేదాన్ని.

గడువు రోజు వచ్చింది. వాలు కింద నిండు బండి నిలబడి ఉంది. పదిహేను తోసే చేతులతో ఇది కదులుతుందా? తోశాను. సగం దాకా వెళ్లి ఆగిపోయింది. భుజం బిగుసుకుంది. అలవాటు కొద్దీ నోట్లోంచి "ఆరు..." అని వచ్చింది. ఇంకో తోపు. "ఆరున్నర..." బండి పైకెక్కి కూర్చుంది!

"ఆరున్నర ఏంటే?" అంది సూపర్వైజరమ్మ.

"మా బాబాయి లెక్కండీ."

"ఏదో ఒకటి. రేపట్నుంచి వచ్చెయ్."

గుండెల మీంచి బండి దిగినట్టయింది. కొట్టుకి పరిగెత్తి, కాజాలు కుడుతున్న పిన్నితో, "పదిహేనుకే ఇంత బలమా పిన్నీ!" అన్నాను.

పిన్ని పకపకా నవ్వింది. "పదిహేనా? తోపుకో గుండీ వేశాడే మీ బాబాయి. ఇవి నిన్నటివి" అని డబ్బా బోర్లించింది. లెక్కపెడితే ముప్పై ఎనిమిది! "ముప్పై, నలభై అని ముందే చెబితే మర్నాడు నువ్వు మొహం చూపించవట."

బాబాయి సూదిలో దారం ఎక్కిస్తూ, "నాకు లెక్కలు రావమ్మా" అన్నాడు. "రేపట్నుంచి నేల మీద దండీలు తియ్యి. పదంటే పదే."

"ఒట్టు?"

"నీ మీదొట్టు" అంటూ అటక మీంచి పెద్ద డబ్బా దించాడు.