తలకిందులైన దక్కను

కంప్యూటర్ చదువు చదివినవాళ్లంతా సింగపూర్ విమానం ఎక్కుతున్న రోజులవి. మా ఆయన వెనకే నేనూ అక్కడ యూ టీ అనే పేటలో తొమ్మిదో అంతస్తు ఫ్లాట్‌లోకి వచ్చి పడ్డాను. పగలంతా నాకు మాటతోడు ఎదురింటి పెద్దాయనే. హైదరాబాదు ముస్లింలు. కొడుకూ కోడలూ ఆఫీసులకు పోతే ఆయనా ఒంటరే. చాచా అని పిలిచేదాన్ని.

ఒకరోజు మధ్యాహ్నం ఒక చేతిలో స్టాంపు, ఇంకో చేతిలో కవరు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

"బేటీ, ఈ ఊరి ఉక్కకు ఊడొచ్చింది. నా చేతులు వణుకుతున్నయ్. జర అతికించి పెట్టు."

ఆ కవరు సంగతి నాకు తెలుసు. ఆయన భార్య, చాచీ, కూతురి పురుటికని గల్ఫ్ వెళ్లి, అక్కడే జబ్బుచేసి పోయారు. ఆమె రాసిన ఆఖరి ఉత్తరం అందులో ఉంది. పైన చిరునామా కూడా ఆమె చేతిరాతే.

స్టాంపు మీద ఓ పటం. ఎన్నో వందల ఏళ్లనాడు అరబ్బులు దేశాలు తిరిగి చేత్తో రాసుకున్న పుస్తకంలోదని చాచా అంతకుముందే చెప్పారు. నీలం సముద్రం, చేపపొలుసుల్లాంటి కొండలు, చీమలబారులాంటి రాత. అంచున ఉన్న అక్షరాలను తపాలా ముద్ర నల్లగా మింగేసింది.

జిగురు కోసం వెతకలేదు. మా ఇంట్లో కవరు అతకాలంటే అన్నం మెతుకులే. రెండు మెతుకులు మెదిపి రాశాను. మరి ఏది పైన, ఏది కింద? నేను చదివింది నాలుగో తరగతే అయినా బడిగోడ మీది పటం కళ్లకు కట్టినట్టుంది. సముద్రం కిందే ఉంటుంది. నీలాన్ని కిందికి పెట్టి ఒత్తి, పైన బియ్యం డబ్బా బరువుంచాను. కాస్త గర్వంగానూ ఉంది.

సాయంత్రం చాచా కవరు అందుకుని కళ్లద్దాలు పైకి తోసుకున్నారు.

"అరె బేటీ! ఉల్టా పెట్టినవ్ గదా!"

"సముద్రం కిందే కదా చాచా ఉండాలి?"

"మన పటంల. ఆ కాలపోళ్లు దక్షిణాన్ని పైన గీసేటోళ్లు."

తడిపి తీసేస్తానన్నాను. ఆయన చటుక్కున కవరును ఛాతీకి ఆనించుకున్నారు.

"వద్దొద్దు. సిరా పోతది."

నిజమే. స్టాంపు మళ్లీ అతకొచ్చు, ఆమె రాత ఎక్కడ దొరుకుతుంది? నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

ఆయన మెల్లగా కవరు తిప్పారు. పటం సరిగ్గా నిలబడింది, చాచీ రాసిన ఆయన పేరు తలకిందులైంది. కాసేపు అలాగే చూసి నవ్వేశారు.

"దక్ఖన్ అంటే దక్షిణమే గద బేటీ. వాళ్లు మనల్ని నెత్తిన కూసోబెట్టుకుంటే నువ్వు కిందికి దించినవ్. మీ చాచీ ఉంటే నీతో లడాయి పెట్టుకునేది."

"ఆమె తరఫున మీరు పెట్టుకోండి చాచా."

"నాకేడ చేతనైతది? ఆమెతోనే ఎన్నడూ గెలవలే!"

ఆ తర్వాత ఉత్తరం తీసినప్పుడల్లా ఆయన ముందు పటం చూసేవారు. మళ్లీ కవరు తిప్పి, ఆమె రాసిన తన పేరు చదువుకునేవారు. మేం ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ, ఎంత ఉక్కపోసినా, ఆ స్టాంపు మాత్రం మళ్లీ ఊడలేదు.