పెద్దోళ్ల కొలత

మాసమ్మ కూతురు భాగ్యశ్రీకి రెండేళ్లు నిండాయి. నిలబడితే కాళ్లు విల్లులా వంగేవి, నడిస్తే బాతులా ఊగేది. "చంకల ఏసుకొని తిరిగితే గట్లనే వంకర బోతయి" అని బస్తీలో అమ్మలక్కలంతా తేల్చేశారు. నోటికి పన్నా, పాడా? అశోక్‌నగర్ ఆడపిల్లల హాస్టల్లో ముప్పై మందికి వండే తల్లి, చంకన కాక బిడ్డను ఎక్కడ పెట్టుకోవాలో ఒక్కరూ చెప్పలేదు. మాసమ్మవీ దొడ్డికాళ్లే. పాలమూరు నుంచి వచ్చిన కొత్తలో ఆ పేరుతోనే పిలిచేవాళ్లు. ఆమె పలకడం మానేసింది, వాళ్లు పిలవడం మానేశారు.

2012 ఎండాకాలం అది. ఆరు నెలలు విటమిన్ చుక్కలు వేసినా పిల్ల కాళ్లు మారలేదు. సర్కారు దవాఖానా డాక్టరమ్మ ఈసారి రక్తంలో ఫాస్ఫేట్ ఎంతుందో చూపించమంది. అది తగ్గితే ఎముక గట్టిపడదని, చిన్నప్పుడే పట్టుకోవాలని చెప్పింది. నారాయణగూడలో ఒక ల్యాబులో రక్తం ఇస్తే 2.6 అని వచ్చింది. "అంతా నార్మలే" అన్నాడు కౌంటరు దగ్గరాయన.

"నార్మల్ అంటున్నరు గద, ఇగ ఊకో" అన్నాడు మొగుడు బుగ్గయ్య. ఊరుకోవడం మాసమ్మకు పుట్టుకతోనే రాలేదు. మర్నాడు హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్న రోజా చేతిలో ఆ కాగితం పెట్టింది.

"నార్మలైతే నా బిడ్డ గట్లెందుకు నడుస్తది? జర సదువు, బిడ్డా."

రోజా పై నుంచి కింది దాకా చదివింది. "అక్కా, రెండున్నర నుంచి నాలుగున్నర ఉండాల్నని రాసిండ్రు. గని పక్కన అడల్ట్ అని ఉన్నది. అంటే పెద్దోళ్లకు. పిల్లలకెంతనో ఏడ రాయలే."

"పెద్దోళ్ల కొలతలతోని పిల్లకు గౌను కుడుతరా?" అంది మాసమ్మ. అన్నం గంజి వార్చి, పిల్లను ఎత్తుకుని నేరుగా ల్యాబుకు నడిచింది.

"మా దగ్గర అందరికీ ఒకటే ఫారం. నువ్వేమన్న డాక్టర్‌వా?" అన్నాడు కౌంటరాయన.

మాసమ్మ గుమ్మంలోనే బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆ రోజుల్లో నారాయణగూడకు ధర్నాలు కొత్త కాదు, ఆ ల్యాబు గుమ్మానికి మాత్రం కొత్త. "పిల్లల లెక్క రాసిచ్చేదాక లెవ్వ. పోలీసోళ్లను పిలుస్తవా, పిలువు. ఆళ్లకు గూడ పిల్లలుంటరు."

గంట గడిచింది. వరసలో ఉన్న తల్లులకు గుబులు పుట్టింది. "మా పిల్లల రిపోర్టులు గూడ గిట్లనేనా?" అని ఒకావిడ అడిగేసరికి లోపలి నుంచి పెద్ద డాక్టరు బయటికొచ్చాడు. కాగితం తీసుకుని చూశాడు. రెండేళ్ల పిల్లకు దాదాపు నాలుగు దాటి ఉండాలని, ఇది బాగా తక్కువని పెన్నుతో రాసి సంతకం పెట్టాడు.

దవాఖానాలో డాక్టరమ్మ అది చదివి పిల్ల కాళ్లు చూసింది, తర్వాత మాసమ్మవి చూసింది. ఇంకొన్ని పరీక్షలు చేయించాక చెప్పింది. ఒంట్లోని ఫాస్ఫేట్ మూత్రంలో పోయే జబ్బు ఇది, తల్లి నుంచి బిడ్డకు వచ్చింది. మందునీళ్లు రోజుకు ఐదుసార్లు, ఏళ్ల తరబడి తాగించాలి. ఇప్పుడే మొదలుపెడితే కాళ్లు చాలావరకు చక్కబడొచ్చు. మాసమ్మకు అందులో ఒక్క మాటే చెవిలో నిలిచింది. తన నుంచే వచ్చిందన్న మాట. ఇల్లు చేరేదాకా దారంతా ఏడ్చింది.

బుగ్గయ్య విన్నాడు. "అంటే నువ్వే ఇచ్చినవన్నట్టు" అన్నాడు మెల్లగా.

మాసమ్మ మందు గ్లాసులో పోసి పట్టించింది. పిల్ల ఉమ్మేసింది. మళ్లీ పోసింది.

"అవ్, నేనే ఇచ్చిన. నాకు మందున్నదని ఎవ్వరు జెప్పలే, దీనికి దొరికింది. సూస్కుంట నిలబడ్డవేంది? దాని చేతులు పట్టుకో."