నమ్మకం అక్కర్లేని మాత్ర

నా చిన్నప్పుడు పాల్వంచలో మా ఇంట్లో రాత్రి ఎప్పుడు పడుతుందో వారాన్ని బట్టి ఉండేది. మా నాన్నది కరెంటు కంపెనీలో బాయిలర్ దగ్గర షిఫ్టు డ్యూటీ. ఒక వారం పొద్దున్నే వెళ్ళేవాడు, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి. నైట్ షిఫ్టు వారంలో ఆయన పగలు పడుకుంటాడని కిటికీకి దుప్పటి కట్టేవాళ్ళం. గిన్నె చప్పుడైతే అమ్మ కళ్ళెర్రజేసేది. క్వార్టర్లలో పిల్లలందరం అలాగే పెరిగాం, అందులో వింతేమీ లేదు.

నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళున్నప్పుడు ఆయనకు ఆ నిద్ర కూడా పోయింది. దుప్పటి వెనక చీకట్లో కళ్ళు తెరుచుకునే పడుకునేవాడు. ముందు పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. నన్ను భుజాన ఎక్కించుకుని సంతంతా తిప్పిన మనిషి, నేను "నాయినా" అని పిలిస్తే ఇంకెవరినో పిలిచినట్టు చూసేవాడు. ఇంట్లో ఎవరూ పోలేదు, ఏ గొడవా జరగలేదు. అదే మా అమ్మకు మింగుడు పడలేదు. ఏదన్నా జరిగి ఉంటే కనీసం దాన్నయినా తిట్టుకునేది. గాలి సోకిందన్నారు, తాయత్తు కట్టమన్నారు, కట్టింది. ఒకరోజు అన్నం ముందు కూర్చుని, "నేను లేకుంటెనే మీరు సుఖంగ ఉంటరు" అన్నాడాయన, మామూలుగా నీళ్ళిమ్మన్నట్టు. మరునాడే అమ్మ ఆయన్ని ఖమ్మంలో మనసు జబ్బుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

డాక్టరు మాత్రలు రాసి, రోజూ రాత్రి పడుకునే ముందు వేసుకోమన్నాడు. మా అమ్మ డాక్టరు మాటంటే ప్రాణం పెట్టే మనిషి. రాత్రన్నాడు కాబట్టి రాత్రే. నాన్న నైట్ డ్యూటీకి వెళ్ళే వారమంతా మాత్ర డబ్బాలోనే ఉండేది. పొద్దున వచ్చి పడుకునే మనిషికి ఇవ్వొచ్చని ఆమెకూ తోచలేదు, ఆయనకూ తోచలేదు. షిఫ్టులు చేసే ఇళ్ళలో తప్ప ఇలాంటి పొరపాటు ఇంకెక్కడ జరుగుతుంది చెప్పండి! నోరు ఎండిపోవడం, తల దిమ్ముగా ఉండడం మాత్రం వచ్చాయి. మంచి ఒక్కటీ రాలేదు. చివరికి ఒక పొద్దున ఆయన డబ్బా తీసుకెళ్ళి మాత్రలన్నీ మోరీ కాలవలో పోశాడు. అమ్మ అక్కడే గడపలో కూలబడిపోయింది.

అప్పుడు ఏన్కూరు నుంచి మా మేనత్త వచ్చింది. నాన్నకు అక్క, మిరప చేను చేసేది. కోతలు వదిలేసి వచ్చానన్న కోపం ఆమె ముఖంలో కనబడుతూనే ఉంది. చెప్పులు విప్పీ విప్పకముందే, "లే, బస్సున్నది" అంది తమ్ముడితో. నన్నెవరూ రమ్మనలేదు. నాన్న చెయ్యి వదలకుండా నేనూ ఖమ్మం బస్సు ఎక్కేశాను.

డాక్టరు అంతా విని, "మీ డ్యూటీ ఏ టైముకు?" అని అడిగాడు. నాన్న చెప్పాడు. డాక్టరు కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. "మొదటిరోజే అడగాల్సింది, అడగలేదు" అన్నాడు. ఇది జ్వరం మాత్రలాంటిది కాదని, రోజూ పడుతూ ఉంటేనే కొన్ని వారాలకు మెల్లగా పనిచేస్తుందని, మధ్యలో వారం ఎగ్గొడితే చేసిందంతా వృథా అని మా అత్తకు విడమరిచి చెప్పాడు. ఇబ్బందులు ముందు వస్తాయట, మేలు వెనక వస్తుందట. ఎప్పుడు పడుకున్నా దానికి ముందే వేసుకోవాలి, డ్యూటీకి పోయేముందు మాత్రం వద్దు. నయమైందని సొంతంగా మానేయొద్దని వాకిలి దాకా వచ్చి మరీ చెప్పాడు.

తిరుగు బస్సులో నాన్న, "దండుగక్కా. నాకు నమ్మకం లేదు" అన్నాడు. మా అత్త ఒక్కసారి ఇటు తిరిగింది. "నమ్మకం నిన్ను ఎవడడిగిండురా? మింగు, చాలు. నమ్ముడు గిమ్ముడు తర్వాత చూద్దాం." బస్సులో సగం మంది మావైపు చూశారు. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. ఆయన మాత్రం తల వంచుకుని, "సరే" అన్నాడు.

ఆ సాయంత్రం ఆమె పెరట్లో అంట్లు తోముతుంటే పక్కన కూర్చుని, ఇంట్లో ఎవరినీ అడగలేనిది అడిగాను. "అత్తా, నాయినకు నయమైతదా?" పిల్లలకు ఇలాంటప్పుడు పెద్దవాళ్ళు ఏం చెబుతారో నాకు తెలుసు. అది వినడానికే అడిగాను. ఆమె బూడిద చేతులతో ఆగి నన్ను చూసి, "ఏమో బిడ్డా, నాకు తెల్వది. అయితదని నాకైతే అనిపిస్తలేదు" అంది. ఆమె మళ్ళీ గిన్నె అందుకుని, "అయినా రేపు గూడ ఇస్త. ఎల్లుండి గూడ ఇస్త" అంది. ఒక్క అబద్ధం చెబితే ఆమె సొమ్మేం పోతుందని ఎంత కోపం వచ్చిందో! ఆ పూట ఆమె పెట్టిన అన్నం తినలేదు.

చేనుకు తిరిగి పోకుండా మా ఇంట్లోనే ఉండి, అన్నట్టే ఇచ్చింది. ఆయన డ్యూటీ మారినప్పుడల్లా తనూ వేళ మార్చుకుని, పడుకునే ముందు ఎదురుగా నిలబడి, "నోరు తెరువు" అని చూసి మరీ వెళ్ళేది. అలా ఎన్ని వారాలు గడిచాయో గుర్తులేదు. ఒక మధ్యాహ్నం నాన్న ముద్ద నోట్లో పెట్టుకుని, "పులుసుల ఉప్పు తక్కువైంది" అన్నాడు. మా అమ్మ ఉప్పు తెస్తానని వంటింట్లోకి వెళ్ళి, ఎంతసేపటికీ తిరిగి రాలేదు. ఏడుస్తోందని మా అందరికీ తెలుసు.

కథలైతే ఇక్కడ ఆపేస్తారు. నాన్న ఏడాదికి పైగా బాగానే ఉన్నాడు. తర్వాత డ్యూటీలో ఎవరో "ఇంకెన్నాళ్ళు మింగుతవు ఆ పిచ్చి మాత్రలు" అన్నారట, ఎవరికీ చెప్పకుండా మానేశాడు. వానలు పడేనాటికి మళ్ళీ గోడవైపు తిరిగి పడుకున్నాడు. అవే మాత్రలు మళ్ళీ ఇచ్చారు, మందు మార్చారు, మోతాదు పెంచారు. ఈసారి సగమే తిరిగొచ్చాడు. ఆ సగం మనిషితోనే మా అమ్మ కాపురం చేసింది. ఆయన నవ్వు నేను మళ్ళీ వినలేదు. అయితే ఆయన ముసలితనంతో పోయాడు, తన చేతులతో తాను పోలేదు. అది ఎంత పెద్ద మాటో ఇలాంటి ఇంట్లో బతికినవాళ్ళకే తెలుస్తుంది.

ఇప్పుడు వైరాలో మా చిన్నవాడి దగ్గర ఉంటున్నాను. అదే జబ్బు నాకూ వచ్చింది. మొదటి మందు పడలేదు, ఇప్పుడు రెండోది నడుస్తోంది. ఇప్పటి మాత్రలు మంచివని, చాలామందికి తగ్గుతుందని డాక్టరమ్మ చెబుతుంది. ఆ చాలామందిలో నేను ఉంటానని నాకైతే అనిపించదు. టిఫిన్ అయ్యాక మా కోడలు మాత్ర అందిస్తూ, "ఏమన్న తేడా తెలుస్తున్నదా అత్తమ్మా?" అని అడుగుతుంది. ఆ పిల్ల ముఖం చూస్తే అవునని చెప్పాలనిపిస్తుంది. లేదనే చెబుతాను, చెప్పి మింగుతాను. ఆశ పుట్టేదాకా ఆగాలనుకుంటే నేను ఈపాటికి ఉండేదాన్ని కాదు.