గడ్డి వాడని మట్టి దిమ్మ

వానకు ముందు తవ్విన మట్టి వాసన వస్తే ఈ వయసులోనూ నేను కుదురుగా కూర్చోలేను. ఇవాళ మా వీధి చివర యంత్రంతో కాలువ తవ్వుతున్నారు. ఆ వాసన తగలగానే పూజ మధ్యలో లేచి గుమ్మంలోకి వచ్చాను. స్వామి క్షమిస్తాడు. పారమ్మ సంగతి ఆయనకు తెలుసు.

పందొమ్మిది వందల యాభైల్లో, ఉద్దానంలోని ఒక అర్చకుల ఇంటికి నేను కొత్త కోడలిగా వచ్చిన రోజులవి. టెక్కలి వైపు నుంచి మా ఊరికి రోడ్డు వేస్తూ, గట్టుకు కావలసిన మట్టిని మా కొబ్బరితోట పక్కనే తవ్వేవారు. ఆ కూలీల గుంపుకు పెద్ద పారమ్మ. మంచినీళ్లకు మా పెరట్లోకి వస్తే నేను తోడి పోసేదాన్ని. నాన్న ఇంట్లో నేర్పిన చదువుతో, జిల్లా పనులన్నీ ఒకే పెద్ద కాంట్రాక్టరుకు దక్కాయని పత్రికలో చదివి, “అంతటివాడి దగ్గర పని, ఇక మీకు లోటేమిటి?” అన్నాను.

పారమ్మ పకపకా నవ్వింది. “ఆయన్ని మేం సూడనేదమ్మా. ఆయన పని టెక్కలోడికిచ్చినాడు, ఆడు కాశీబుగ్గోడికిచ్చినాడు. నీలొకడు తాగీసినాడు, కొబ్బరొకడు తినీసినాడు, మాకు సిప్పొచ్చింది. ఆ సిప్పయినా పగిలిపోకుండా సూసుకోవాల గదా!”

ఆ చిప్ప ఏమిటో గోతి దగ్గర చూపించింది. తవ్వేటప్పుడు అక్కడక్కడ పాత నేలను ముట్టుకోకుండా, పైన గడ్డితో సహా దిమ్మలుగా వదిలేవారు. సర్కారు ఓవర్సీరు వచ్చి ఆ గడ్డి మొదలు నుంచి గోతి అడుగు దాకా కొలిస్తే, ఆ లోతును బట్టే కూలి. దిమ్మ పోయిందంటే ఎంత తవ్వారో చెప్పే సాక్షి లేనట్టే.

కొలవాల్సిన రోజున ఓవర్సీరు రాలేదు. సముద్రం మీద మబ్బు పట్టింది. కాశీబుగ్గ కాంట్రాక్టరు గుమస్తా వచ్చి, దిమ్మలు కొట్టేసి చదును చేస్తే తను చెప్పిన లోతుకు అప్పటికప్పుడే కూలి ఇస్తానన్నాడు. అతను చెప్పింది మోకాలి లోతు. గోతిలో నిలబడితే పారమ్మకు నడుము దాటింది. గుంపులో చాలామంది పొయ్యి వెలిగించి రెండు పూటలైంది.

“తీసీసుకుందుమే అప్పా! దిమ్మలొండుకు తింతావేటి?” అని ఆమె తమ్ముడే ఎగతాళి చేశాడు.

“తిన్ను గానీ కొట్టనియ్యను. ఇయ్యాల మోకాలంటే ఊ అన్నామా, రేపు మెడదాకా తవ్వినా మోకాలేరా!”

నా దగ్గరికి పరుగున వచ్చింది. “కోడలమ్మా, తడికలుంటే ఇయ్యవా? వాన కొట్టిందంటే సాచ్చులు కరిగిపోతాయి.”

పశువుల పాక చుట్టూ కట్టిన కొబ్బరాకు తడికలన్నీ విప్పి ఇచ్చేశాను. “ఆవు తడుస్తుందే పిచ్చిదానా!” అని కేకలేసిన అత్తగారే, తరువాత ఆ గుంపంతటికీ గంజి కాచి పంపారు. ఆమె చల్లని చేతిని ఇప్పటికీ తలుచుకుంటాను. వాన కుండపోతగా కురిసింది. నేను నామం మొదలుపెట్టడం, సగంలో లేచి తోటలోకి చూడటం. పారమ్మ ఒక దిమ్మ నుంచి ఇంకో దిమ్మకు పరిగెడుతూ, లేచిపోతున్న తడికల్ని అదిమిపట్టేది.

మర్నాడు ఓవర్సీరు వచ్చి తడికలు తీయించాడు. అంచులు కరిగాయి గాని పైన గడ్డి పచ్చగానే ఉంది. నిండు లోతు రాశాడు.

తరువాతి పనికి గుమస్తా ఆ గుంపును పిలవలేదు. తడికలు తిరిగి ఇవ్వడానికి వచ్చిన పారమ్మ, “ఇచ్ఛాపురం అవతల మట్టి పనుందంట, ఎల్లిపోతన్నాం” అంది. నాకు కన్నీళ్లు ఆగలేదు.

“ఏడవకమ్మా! మా తమ్ముడు ఎకసెక్కాలు మానీసినాడు, అది సాల్దేటి? మీ ఆవుకి సెప్పు, దాని రునం ఉంచుకోనని.”

మళ్లీ ఆమె కనబడలేదు. దేవుడు నాకు ఇచ్చినవాటిని తలుచుకునే ప్రతిసారీ ఆమె పేరూ తలుచుకుంటాను. అయినా మబ్బు పడితే మనసు నిలవదు. ఇచ్ఛాపురం అవతల, ఆ గోతుల దగ్గర, ఆమె అడిగితే తడికలు ఎవరిచ్చారో.